డెక్‌కి ఏ స్టెయిన్? వెలిసిపోయేదా, పెచ్చులూడేదా?

మా డెక్‌కి, అంటే ఇంటి బయట చెక్క పలకలతో వేసిన అరుగుకి, మొదటిసారి రంగు వేయాల్సి వచ్చినప్పుడు, డబ్బా మీద ‘ఎక్కువ ఏళ్లు మన్నుతుంది’ అన్న మాట చూసి పడిపోయాను. సాలిడ్ స్టెయిన్, అంటే చెక్కని పూర్తిగా కప్పేసే రంగు పూత, తెచ్చి రెండుసార్లు పట్టించాను. మొదటి ఏడాదంతా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ మెచ్చుకున్నారు. రెండో ఏడు వానలు తగ్గేసరికి తలుపు ముందు, సరిగ్గా రోజూ కాలు పడే చోట, అరచేతంత పెచ్చు లేచింది. వాన పడి రెండు రోజులైనా దాని కింద చెక్క చెమ్మగానే ఉంది. దాని మీదే కొత్త రంగు పూస్తే పాత పొర అంచు గట్టులా కనబడుతుంది. పూయకుండా వదిలేస్తే పెచ్చు వారానికింత పెరుగుతుంది. చివరికి ఆ రంగంతా గీకి తీయడానికి నాకు మూడు వారాంతాలు పట్టింది.

అందుకే ఎవరైనా ‘డెక్‌కి ఏ స్టెయిన్ మంచిది’ అని అడిగితే నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: పాడైపోయే రోజున అది ఎలా పాడవ్వాలి మీకు? ఆరుబయట వేసిన ఏ రంగైనా పోయేదే. కొన్ని మెల్లగా వెలిసిపోతాయి, కొన్ని పెచ్చులుగా ఊడతాయి. వెలిసినదాన్ని కడిగి, ఆరబెట్టి, మళ్లీ పూసుకోవచ్చు. ఊడినదాన్ని పూర్తిగా తీసేదాకా అసలు పని మొదలే కాదు. షేడ్ కార్డులో ఏ రంగు బాగుందన్నది దీని తర్వాతి మాట.

చెక్కకి ఎండ చేసేది, నీరు చేసేది

తలుపుకో కిటికీ చట్రానికో బాగా పనిచేసే వార్నిష్, పాలీయురేథేన్ డెక్ మీద ఎందుకు నిలవవు? తలుపు నిలబడి ఉంటుంది, నీళ్లు జారిపోతాయి. డెక్ వెల్లకిలా పడుకుని ఉంటుంది. మధ్యాహ్నపు ఎండ నిట్టనిలువునా దాని మీదే పడుతుంది, వాన నీరు నిలుస్తుంది, కుర్చీ కాళ్లు రాసుకుంటాయి. పైగా చెక్క తడికి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుంటుంది. పొడవులో ఈ కదలిక దాదాపు ఉండదు గానీ, అడ్డంగా బాగానే ఉంటుంది. పైన గట్టి పొర ఉంటే ఎక్కడో ఒక చోట చీలుతుంది. ఆ చీలికలోంచి నీరు లోపలికి సులువుగా పోతుంది, బయటికి మాత్రం రాలేదు. ఇక అక్కడినుంచి పొర లేవడం మొదలు.

చెక్క నారల్ని పట్టి ఉంచే జిగురు లాంటి పదార్థం పేరు లిగ్నిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని విరగ్గొడతాయి, వాన కడిగేస్తుంది, మిగిలిన నారలు బూడిద రంగులో పైకి తేలతాయి. జుట్టు నెరిసినట్టే చెక్కా నెరుస్తుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ ఇది చాలా నెమ్మదైన నష్టం. ఏ పూతా లేకుండా ఆరుబయట వదిలేసిన పైన్ లాంటి మెత్త చెక్క అరిగేది నూరేళ్లకి సుమారు 6 మిల్లీమీటర్లు. అసలు ప్రమాదం తడితో. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే శిలీంధ్రాలకి అనువవుతుంది, చెక్క లోపలినుంచి చివికిపోతుంది. తడవడం, ఆరడం పదే పదే జరిగితే నెర్రెలు విచ్చుతాయి, పేళ్లు లేస్తాయి, ఉత్తి కాళ్లతో నడిచేవాళ్లకి గుచ్చుకుంటాయి.

స్టెయిన్‌లో ఎండని ఆపేది రంగు పొడి, అంటే పిగ్మెంట్. నీటిని ఆపేది నూనె, రెజిన్ (ఆరాక గట్టిపడే జిగురు లాంటి పదార్థం), మైనం. పిగ్మెంట్ పెరిగేకొద్దీ ఎండ నుంచి రక్షణ పెరుగుతుంది. కానీ ఆ పొడిని పట్టి ఉంచడానికి రెజినూ ఎక్కువ కావాలి, రెజిన్ ఎక్కువైతే అది చెక్కలోకి ఇంకకుండా పైన పొరగా నిలుస్తుంది. ఎంపికలోని చిక్కంతా ఈ ఒక్క బేరంలోనే ఉంది.

క్లియర్ నుంచి సాలిడ్ దాకా

క్లియర్ సీలర్‌లో పిగ్మెంట్ దాదాపు సున్నా. చెక్క సహజమైన రంగు అలాగే ఉండాలని కోరుకునేవాళ్లే దీన్ని కొంటారు. తమాషా ఏంటంటే, ఆ రంగు అన్నిటికంటే ముందు పోయేది దీని కిందే. ఏడాది తిరిగేలోపు నెరుపు కనబడుతుంది. నెరిసిన చెక్కే నాకిష్టం, నీళ్లు ఇంకకుండా ఉంటే చాలు అనేవాళ్లకి మాత్రం ఇది సరిగ్గా సరిపోతుంది.

దాని పై మెట్టు ట్రాన్స్‌పరెంట్, కొన్ని డబ్బాల మీద టోనర్ అని ఉంటుంది. చెక్క చారలన్నీ కనబడతాయి, తేనె రంగు ఛాయ వస్తుంది. ఏడాదికోసారి, మహా అయితే రెండేళ్లకోసారి మళ్లీ పూయాలి. చేవ గట్టిగా ఉండే ఖరీదైన చెక్కకి ఇదే బాగుంటుంది, ఎందుకంటే అంత అందమైన చెక్క కొని దాన్ని కప్పేయడంలో అర్థం లేదు.

సెమీ ట్రాన్స్‌పరెంట్ దగ్గర నేను ఆగిపోతాను. బాగా మెత్తగా నూరిన ఐరన్ ఆక్సైడ్ లాంటి పిగ్మెంట్ ఇందులో సరిపడా ఉంటుంది. చారలు కనబడుతూనే ఎండ తగ్గుతుంది. మామూలుగా రెండు మూడేళ్లు ఉంటుంది. అన్నిటికంటే నాకు నచ్చేది, ఇది పోయేటప్పుడు మర్యాదగా పోతుంది. తలుపు ముందు కాస్త పలచబడుతుంది, మెట్ల మీద పలచబడుతుంది, అంతే. ఆ నాలుగు పలకలు కడిగి మళ్లీ పూస్తే నెల తిరక్కుండా చుట్టుపక్కల వాటితో కలిసిపోతాయి.

సెమీ సాలిడ్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. చారలు సరిగ్గా కనబడవు, అలాగని పూర్తిగా కప్పదు. కొన్ని పాత పలకలు తీసి కొత్తవి బిగించిన డెక్‌లో రెండింటి తేడా కనబడకుండా చేయడానికి మాత్రం పనికొస్తుంది.

సాలిడ్ స్టెయిన్ అంటే ఉన్నమాట చెప్పాలంటే పలచటి పెయింటే. చెక్క గరుకు తెలుస్తుంది, రంగు తెలియదు. మూడు నుంచి ఐదేళ్లు అంటారు, నిలువు భాగాల మీద ఉంటుంది కూడా. కాళ్లు పడే నేల మీద దాని సంగతి నా తలుపు ముందు చూశాను. అయితే దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. మరకలు పడి, అతుకులు పడి, ఇక చూపించడానికేమీ మిగలని పాత డెక్‌కి ఇదొక్కటే దారి. ఇప్పటికే సాలిడ్ ఉన్న డెక్ మీద కూడా మళ్లీ సాలిడే వేయాలి, లేదా మొత్తం తీయాలి. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: క్లియర్ నుంచి సాలిడ్ వైపు ఎప్పుడైనా వెళ్లొచ్చు. సాలిడ్ నుంచి వెనక్కి రావాలంటే స్ట్రిప్పర్ (పాత రంగుని వదులు చేసే మందు), సాండర్ (గరుకు కాగితంతో రుద్దే యంత్రం), మోకాళ్ల నొప్పులు. తేలకపోతే లేత మెట్టు దగ్గరే మొదలుపెట్టండి.

అమెరికాలోని మాడిసన్‌లో 1910 నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ పరిశోధన సంస్థ, ఫారెస్ట్ ప్రాడక్ట్స్ లాబొరేటరీ, డెక్ నేలకి చెప్పేదీ ఇదే: పొర కట్టేవి వద్దు, లోపలికి ఇంకేవి వాడండి. రెండూ కావాలనుకునేవాళ్లకి మధ్యేమార్గం ఒకటుంది. రెయిలింగ్‌కీ స్తంభాలకీ సాలిడ్, నేలకి సెమీ ట్రాన్స్‌పరెంట్. నిలువుగా ఉన్నవాటి మీద సాలిడ్ మన్నుతుంది, నేల మాత్రం మీరు తేలిగ్గా మళ్లీ పూసుకోగలిగేలా ఉంటుంది. చూపుకి కూడా ఈ రెండు రంగుల జత బాగుంటుంది.

ముదురు రంగు వేసేముందు ఒక్కసారి ఆలోచించండి. పిగ్మెంట్ ఎక్కువ కాబట్టి రక్షణ బాగానే ఉంటుంది గానీ, ఎండాకాలం మధ్యాహ్నం దాని మీద ఉత్తి కాళ్లు పెట్టలేరు.

ఆయిల్ బేసా, వాటర్ బేసా

ఆయిల్ బేస్ నెమ్మదిగా ఆరుతుంది, అందుకే లోపలికి ఇంకే సమయం ఉంటుంది. బ్రష్ కొత్తగా పట్టినవాళ్లని ఇది క్షమిస్తుంది, ఒక దఫా పూసినదాని మీద ఇంకో దఫా ఎక్కినా అంచు చార అంతగా కనబడదు. పోయేటప్పుడు వెలుస్తుంది. దాని లోపాలు వేరే ఉన్నాయి. వాసన ఘాటు, ఆరడానికి ఒక రోజు పైనే, బ్రష్ కడగడానికి టర్పెంటైన్. అవిసె నూనె లాంటి సహజ నూనె ఎక్కువగా ఉన్న రకాలైతే నీడపట్టున, చెమ్మ చోట బూజుకి మేత అవుతాయి. నల్లటి చుక్కలు పడితే చాలామంది స్టెయిన్ మాడిపోయిందనుకుంటారు, చాలాసార్లు అది బూజే. ఉత్త అవిసె నూనె తెచ్చి డెక్‌కి పట్టించమనే పాత సలహాని మాత్రం వినకండి.

వాటర్ బేస్‌లో ఎక్కువగా అక్రిలిక్ రెజిన్ ఉంటుంది. గంటల్లో ఆరుతుంది, రంగు ఎక్కువ కాలం నిలుపుకుంటుంది, బూజు తక్కువ, బ్రష్ నీళ్లతో కడిగితే పోతుంది. తొందరగా ఆరడమే దాని లోపం కూడా. ఎండలో పూస్తే బ్రష్ తిప్పేలోపే అంచు ఆరిపోయి చారలు పడతాయి. లోపలికి తక్కువ ఇంకుతుంది కాబట్టి ముదురు రకాలు పొర కట్టే వైపు మొగ్గుతాయి. రంగుల ద్రావకాల ఆవిరి మీద పరిమితులు వచ్చాక, ముఖ్యంగా యూరోపియన్ యూనియన్ 2004లో తెచ్చిన ఆదేశం లాంటివాటి తర్వాత, నూనె రెజిన్‌ని నీళ్లలో కలిపిన ఆల్కిడ్ ఎమల్షన్ రకాలు కూడా బాగా పెరిగాయి. రెండింటి మంచీ కొంత కొంత ఉంటుంది వాటిలో.

నా మొగ్గు: ఎండ బాగా తగిలి, గాలి ఆడే డెక్‌కి ఆయిల్. చెట్ల నీడలో ఉండి నాచు పట్టే డెక్‌కి వాటర్ బేస్ సెమీ ట్రాన్స్‌పరెంట్.

ఇక్కడ ఇంకో మెలిక. పాత అక్రిలిక్ మీద ఆయిల్ స్టెయిన్ వేస్తే అది లోపలికి పోలేక పైనే జిగటగా ఉండిపోతుంది. ముందు ఏం వేశారో తెలియకపోతే, గుడ్డని రబ్బింగ్ ఆల్కహాల్‌లో (గాయాలు తుడిచే స్పిరిట్) తడిపి ఒక మూల గట్టిగా రుద్దండి. రంగు మెత్తబడి గుడ్డకి అంటితే చాలామటుకు అది వాటర్ బేస్. ఏమీ కదలకపోతే ఆయిల్ అనుకోవచ్చు.

చెక్కని బట్టి

చివకకుండా మందు పట్టించిన పైన్ కొత్తగా వచ్చినప్పుడు తడి బరువుతో ఉంటుంది. వెంటనే స్టెయిన్ వేస్తే పీల్చుకోదు. ‘ఏడాది వదిలేసి తర్వాత వేయండి’ అని కొందరంటారు, అది మరో చివరికి పోవడం. కొన్ని వారాల ఎండకే పై నారలు వదులవుతాయి, ఏడాదయ్యాక పూసేది ఆ వదులు నారల మీదే అవుతుంది. ఆరగానే వేయడమే పద్ధతి. ఆరిందో లేదో ఎలా తెలుసుకోవాలో కింద చెబుతాను.

టేకు, ఇపే లాంటి చేవ చెక్కల్లో పీల్చుకునే చోటే తక్కువ. రెండుసార్లు పూస్తే రెండోది వృథా. వాటి కోసమే చేసే పలచటి నూనె, ఒక్క కోటు, పూసిన పావుగంటకి మిగిలినది తుడిచేయడం, ఏటా ఇదే తంతు. సీడార్, రెడ్‌వుడ్‌లో టానిన్లు (చెక్కలో సహజంగా ఉండే వగరు పదార్థాలు) ఎక్కువ. మామూలు ఇనుప మేకు తగిలితే చుట్టూ నల్లటి మరక పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడాలి. పడిన మరకని ఆక్సాలిక్ ఆమ్లం తీసేస్తుంది.

పూసేముందు

డబ్బా ఏదైనా, ఈ భాగం తప్పితే ఎంపిక అంతా నీళ్లపాలే.

చేతిని నీళ్లలో ముంచి డెక్ మీద నాలుగైదు చోట్ల చుక్కలు చల్లండి. నిమిషంలోపు ఇంకిపోయి చెక్క ముదురు రంగుకి తిరిగితే అది స్టెయిన్ తాగడానికి సిద్ధంగా ఉన్నట్టు. చుక్కలు తామరాకు మీది నీటిబొట్టులా నిలబడితే ఇంకా కాదు. పాత పూత మిగిలి ఉండొచ్చు, చెక్క పచ్చిగా ఉండొచ్చు, రంపం యంత్రంలో నున్నబడిన పై పొర మూసుకుపోయి ఉండొచ్చు. తేమ మీటర్ ఉంటే 15 శాతం లోపు చూపించాలి.

కడగడానికి సోడియం పెర్కార్బొనేట్ ఉన్న డెక్ క్లీనర్ వాడండి. నీళ్లలో కలిపితే హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది, నురగ కడుతుంది, బూజునీ నెరిసిన నారల్నీ వదులు చేస్తుంది. పావుగంట ఆరిపోకుండా తడిగా ఉంచి, నైలాన్ బ్రష్‌తో చార వెంబడి రుద్దాలి. ఇనుప తీగల బ్రష్ వద్దు, విరిగిన ముక్కలు చెక్కలో ఉండిపోయి తుప్పు చుక్కలవుతాయి. క్లోరిన్ బ్లీచ్ కూడా వద్దు, అది బూజుతోపాటు లిగ్నిన్‌నీ తింటుంది. కడిగాక చెక్క కాస్త నల్లబడితే కంగారు పడొద్దు. క్లీనర్ క్షారం, అందుకే అలా. ఆక్సాలిక్ లేదా సిట్రిక్ ఆమ్లం ఉన్న బ్రైట్‌నర్ పోసి పది నిమిషాలు చూడండి, కళ్ల ముందే చెక్క కొత్త రంగుకి వస్తుంది. ఈ పనంతటిలో నాకు సంతోషం కలిగే నిమిషం అదే. చేతి తొడుగులు, కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి, పక్కన మొక్కలుంటే ముందే నీళ్లతో తడపండి.

ప్రెషర్ వాషర్ చేతిలో ఉంటే ఆగబుద్ధి కాదు, నాకు తెలుసు. దగ్గరగా పెట్టి కొడితే మెత్త నారలు లేచిపోయి చెక్క బొచ్చు లేచినట్టవుతుంది. వాడితే విసనకర్రలా విచ్చుకునే నాజిల్, కనీసం 30 సెంటీమీటర్ల దూరం, తక్కువ ఒత్తిడి.

రెండు మూడు రోజులు ఆరాక 60 లేదా 80 నంబరు గరుకు కాగితంతో ఒక చుట్టు. అంతకంటే నున్నన చేస్తే స్టెయిన్ తాగదు. ఒక హెచ్చరిక: పాత డెక్ ఆకుపచ్చ ఛాయతో ఉన్న మందు చెక్కదైతే దాన్ని సాండర్‌తో రుద్దకండి. అందులో ఆర్సెనిక్ ఉండొచ్చు. అమెరికాలో ఇళ్ల వాడకానికి ఆ మందు వేయడం 2003 చివరితో ఆగింది గానీ, అప్పటి చెక్కలు ఇంకా చాలా ఉన్నాయి.

పూసేటప్పుడు

రెండు మూడు డబ్బాలుంటే అన్నీ ఒకే బకెట్‌లో పోసి కలపండి. ఒకే నంబరైనా డబ్బాకీ డబ్బాకీ కొద్దిపాటి తేడా ఉంటుంది, సగం డెక్ దగ్గర అది బయటపడుతుంది. పిగ్మెంట్ అడుక్కి దిగుతుంటుంది కాబట్టి మధ్యమధ్యలో కలుపుతూనే ఉండాలి. ముందు కంటికి కనబడని మూలో, అదే చెక్క ముక్క మీదో పూసి, ఆరాక రంగు చూడండి. షేడ్ కార్డులో చూసిన రంగు మీ చెక్క మీద వేరేగా వస్తుంది.

పలక మీద అరచెయ్యి ఆనిస్తే వేడిగా తగలకూడదు. నీడ వచ్చాక మొదలుపెట్టండి, వచ్చే ఒకటి రెండు రోజులు వాన లేదని చూసుకోండి. ఒకసారికి రెండు మూడు పలకలే తీసుకుని ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెళ్లాలి. డెక్‌ని గళ్లుగా పంచుకుని పూస్తే గడి గడికీ అంచు చార పడుతుంది. రోలర్‌తో పోసినా, వెనకాలే బ్రష్‌తో లోపలికి తోయాలి. పలకల కోసిన చివరలు అన్నిటికంటే ఎక్కువ తాగుతాయి, చివికిపోవడం మొదలయ్యేదీ అక్కడే. వాటికి రెండు మూడు సార్లు పట్టించండి.

పావుగంట తర్వాత వెనక్కి వచ్చి చూడండి. ఎక్కడైనా తళతళా మెరుస్తుంటే అక్కడ చెక్క తాగగలిగినదంతా తాగేసిందని. గుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే అది పొరగా గడ్డకట్టి, వారమైనా చెప్పులకి అంటుకుంటుంది. తక్కువ పూసినదాన్ని వచ్చే ఏడు సరిచేయొచ్చు, ఎక్కువ పూసినదాన్ని గీకాలి.

ఆ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలకి విసరకండి. ఆయిల్ స్టెయిన్ ఆరేటప్పుడు ఆక్సిజన్ తీసుకుని వేడి పుట్టిస్తుంది. ముద్దగా ఉన్న గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక, నిప్పు రవ్వ లేకుండానే అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా 22వ అంతస్తులో మొదలైన మంటకి కారణం అవిసె నూనె గుడ్డలే. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. గుడ్డల్ని ఒక్కొక్కటిగా విప్పి బయట పరిచి ఆరనివ్వండి, లేదా మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్లు నింపి అందులో వేయండి.

తర్వాత

పలకల సందుల్లో ఆకులు కుళ్లితే అక్కడ చెమ్మ ఎప్పటికీ ఆరదు. పుట్టీ కత్తితో సందులు లాగేయడం, చీపురుతో ఊడ్చడం, ఇంతే సగం సంరక్షణ. కుండీలని నేరుగా పెట్టకుండా కింద కాళ్లున్న స్టాండు పెట్టండి. రబ్బరు అడుగున్న పట్టాలు వానాకాలంలో తీసేయడం మంచిది, నేను ఒకదాన్ని ఆరు నెలలకి లేపి చూస్తే కింద దాని ఆకారంలోనే నల్లగా పాకుడు పట్టి ఉంది.

ఏడాదికోసారి మెత్తటి సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక మళ్లీ ఆ నీటి చుక్కల పరీక్షే. మూడు చోట్ల చేయండి: తలుపు ముందు, ఎండ ఎక్కువ పడే చోట, నీడలో. తలుపు ముందు ఇంకిపోయి మిగతా చోట్ల నిలబడితే ఆ పలకల వరకే పూయండి. ఎక్కడా ఇంకకపోతే ఆ ఏడు డబ్బా తెరవొద్దు. చాలామంది శ్రద్ధ ఎక్కువై ఏటా ఒక కోటు వేస్తారు. పాతది ఇంకా ఉండగా కొత్తది వేస్తూ పోతే సెమీ ట్రాన్స్‌పరెంట్ కూడా పొరలు పొరలుగా పేరుకుంటుంది. అప్పుడది సాలిడ్ లాగే పెచ్చులు లేస్తుంది, మీరు తప్పించుకుందామనుకున్నదే చేతులారా తెచ్చుకున్నట్టవుతుంది.

మిగిలిన స్టెయిన్‌ని పెద్ద డబ్బాలో అడుగున ఉంచితే పైన గాలికి మీగడ కడుతుంది. నిండుగా పట్టే చిన్న సీసాలోకి మార్చుకోండి. డబ్బా పారేస్తాం కాబట్టి రంగు పేరూ నంబరూ గుర్తుండవు. నేను మెట్ల అడుగు పలక కింద, ఎండా వానా తగలని చోట, పెన్సిల్‌తో రాసి పెట్టాను: ఏ రకం, ఏ నంబరు, ఏ తేదీ. ఇప్పటికి నాలుగు వరుసలయ్యాయి. మొదటిదాని పక్కన ‘సాలిడ్’ అని ఉంది, దాన్ని అడ్డంగా కొట్టేసి ఉంది.